అన్నంతో పాటు ఓ పలకరింపు

(మా సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



జమాఖర్చుల లెక్క కార్యదర్శిగారు చదివారు. ఎన్ని బస్తాల బియ్యం కొన్నామో, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టామో, ఎన్ని కుట్టు మిషన్లు ఇచ్చామో మీరు విన్నారు. మీరిచ్చిన ప్రతి రూపాయికీ రశీదు ఉంది. అయితే ఈ ఏడాది మేము నేర్చుకున్న ఒక సంగతి మాత్రం ఏ పద్దు కిందా రాయడానికి వీలు కాలేదు. అది ముక్కూమొహం తెలియని మనిషిని పలకరించడం గురించి. అందులో ఉన్న సంతోషం గురించి. ఈ పూట మీతో అదే పంచుకుందామని నిలబడ్డాం.

ముందు ఒక మాట చూద్దాం. మనం రోజూ వాడే ‘గరీబు’ అనే మాటకు అర్థం ఏమిటంటే పేదవాడు అని చిన్నపిల్లవాడైనా చెబుతాడు. కానీ ఈ మాట పుట్టిన అరబ్బీ భాషలో ‘గరీబ్’ అంటే పరాయివాడు, తన ఊరూ తనవాళ్లూ దగ్గర లేనివాడు. ఆ మాట మన దాకా వచ్చేసరికి డబ్బు లేనివాడిగా మారింది. అలా మారడంలో ఒక నిజం ఉంది. ఎవరూ తెలియని చోట మనిషి నిజంగానే పేదవాడు. జేబులో డబ్బున్నా సరే. మనమేమో ఇన్నాళ్లూ గరీబు జేబు గురించి ఆలోచించాం గానీ, అతని ఒంటరితనం గురించి అంతగా ఆలోచించలేదు.

ప్రపంచం చుట్టిన ఇబ్నె బతూతా పేరు మీరంతా వినే ఉంటారు. ఢిల్లీకి వచ్చి ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన మహా యాత్రికుడు. ఆయన 1325లో హజ్ కోసం మొరాకోలోని టాంజియర్ నుంచి ఒంటరిగా బయలుదేరాడు. అప్పటికి 21 ఏళ్ల కుర్రవాడు. దారిలో ఒక బిడారుతో కలిసి ట్యూనిస్ చేరాడు. ఊరివాళ్లు ఎదురొచ్చి తమవాళ్లను కౌగిలించుకుని సలాములు చెప్పుకుంటున్నారు. ఇతన్ని మాత్రం ఎవరూ పలకరించలేదు, అక్కడ ఇతనికి తెలిసినవాళ్లే లేరు. దుఃఖం ఆపుకోలేక ఏడ్చేశాడు. ఒక యాత్రికుడు అది గమనించి దగ్గరకు వచ్చి సలాం చెప్పి, ఊళ్లోకి వెళ్లేదాకా మాట్లాడుతూ తోడు నడిచాడు. ఇబ్నె బతూతా తర్వాత ఎందరో సుల్తానులను చూశాడు, ఎన్నో కానుకలు అందుకున్నాడు. అయినా ఏళ్ల తరబడి తిరిగి వచ్చి తన యాత్రను చెప్పి రాయించినప్పుడు, ఆ ఒక్క సలామును మరిచిపోలేదు. ఆ యాత్రికుడికి దానికి పైసా ఖర్చు కాలేదు.

మన ధర్మం ఈ విషయం ఎప్పుడో చెప్పింది. ఇస్లాంలో శ్రేష్ఠమైన పని ఏదని ఒకరు అడిగితే దైవప్రవక్త (స) రెండు పనులు చెప్పినట్టు బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఒకటి, అన్నం పెట్టడం. రెండు, తెలిసినవారికీ తెలియనివారికీ కూడా సలాం చెప్పడం. ఆ రెండూ ఒకే జవాబులో పక్కపక్కనే ఉన్నాయి. అలాగే అన్నిసా సూరా 36వ ఆయతులో ఎవరెవరితో మంచిగా మెలగాలో అల్లాహ్ చెబుతూ తల్లిదండ్రులను, బంధువులను, అనాథలను, పేదలను, దగ్గరి పొరుగువారిని చెప్పి, పరాయి పొరుగువారిని, పక్కనే ఉన్న సహచరుడిని, బాటసారిని కూడా చేర్చాడు. ఈ ‘పక్కనున్న సహచరుడు’ అంటే ప్రయాణంలో మన పక్కన కూర్చున్నవాడు కూడా అని వ్యాఖ్యాతలు వివరించారు. బస్సులో గంటసేపు మన భుజానికి భుజం తగిలే మనిషికి మన మీద ఒక హక్కు ఉందన్నమాట.

మా సంగతి చెప్పాలంటే, మేము ఇన్నేళ్లూ ఆ హదీసులో సగమే పాటించాం. అన్నం పెట్టాం. సలాం మరిచిపోయాం.

మా భోజన సేవ మీకు తెలిసిందే. పెద్దాసుపత్రి ఆవరణలో, రోగుల వెంట వచ్చినవాళ్ల కోసం రోజూ మధ్యాహ్నం సాంబారన్నం, పెరుగన్నం పెడతాం. నిజాయితీగా చెప్పుకుంటే అక్కడ మేము మాట్లాడేవి మూడే మాటలు. ‘వరసలో రండి’, ‘ప్లేటు పట్టండి’, ‘తర్వాత’. గిన్నెలు ఖాళీ కాగానే ట్రాలీ ఆటో ఎక్కి వచ్చేసేవాళ్లం. ఎండ, హడావుడి, అందరికీ సరిపోతుందో లేదోనన్న ఆదుర్దా. మాకు గంటె కనిపించేది, ప్లేటు కనిపించేది. ప్లేటు పట్టుకున్న మనిషి కనిపించేవాడు కాదు.

ఒకరోజు ఆటో టైరు పంక్చరైంది. గంటసేపు అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. వేపచెట్టు కింద కూర్చున్నాం. పక్కనే ఒక పెద్దాయన తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. మా కుర్రాళ్లలో ఒకడు ఊరికే, పొద్దుపోక, “మనదే ఊరు బాబాయ్?” అన్నాడు.

“యర్రగొండపాలెం అవతల,” అన్నాడాయన.

“ఏం చేస్తుంటారు?”

“మేకలు.”

అంతే, అక్కడి నుంచి అరగంట మేకల కబుర్లే. మందకు ముందు నడిచే మేక వేరే ఉంటుందట, దాన్ని అమ్మితే మంద చెదిరిపోతుందట. ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టాడు. ఒకదానికి తన అత్తగారి పేరు పెట్టి, ఆవిడ ఇంటికి వచ్చినప్పుడు పిలవలేక పడ్డ అవస్థ చెబుతుంటే మేమంతా పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, “ఇన్ని రోజులకు ఇవాళ నవ్వా సాయిబూ. ఎల్లుండి మేకల బేరగాడు వస్తాడు. అన్నీ ఇచ్చేస్తున్నా,” అన్నాడు.

ఎందుకని అడిగాం. భార్యకు ఆపరేషన్ చెయ్యాలన్నారట. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది గానీ, కార్డులో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉందట. ఇది చెల్లదని ఎవరో అన్నారు. నిజమేనా, ఎవరిని అడగాలి అన్నది తెలియక ఊరుకున్నాడు. మా కుర్రవాడు ఆయన్ని వెంటబెట్టుకుని లోపలి ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లాడు. కాగితాలు సరిచేయించడానికి రెండు రోజులు తిరిగారు. ఆపరేషన్ పథకం కిందే జరిగింది. మేకలు అమ్మలేదు. అల్‌హందులిల్లాహ్.

దీనికి మన సొసైటీకి అయిన ఖర్చు నాలుగు జిరాక్సు కాగితాలు, రెండు టీలు. ఏ పద్దు కింద రాయాలో మా కోశాధికారిగారికి ఈనాటికీ తెలియలేదు.

కానీ మమ్మల్ని ఆ రాత్రి నిద్రపోనివ్వని సంగతి వేరే ఉంది. అప్పటికి ఆ పెద్దాయన 11 రోజులుగా మా వరసలో నిలబడి మా చేతి అన్నం తింటున్నాడు. 11 రోజులూ ఆయన ముఖం మా ముందు నుంచే వెళ్లింది. టైరు పంక్చరు కాకపోతే 12వ రోజు కూడా అన్నం పెట్టేవాళ్లం, 13వ రోజు ఆయన మంద అమ్ముడుపోయేది.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పడానికి కాస్త సిగ్గుగా ఉంది. 2020 లాక్‌డౌన్‌లో బడులు మూతపడి ప్రైవేటు స్కూళ్ల టీచర్లు ఎందరో జీతాలు లేక ఇబ్బంది పడ్డారు. మేము అప్పుడు రేషను కిట్లు పంచాం. వరసలో నిలబడినవాళ్లకు ఇచ్చాం. చాలా రోజుల తర్వాత మా మహిళా విభాగం సోదరి ఒకరు బస్సులో పక్క సీటులో కూర్చున్న ఒక టీచరమ్మతో మాట కలిపారు. మాట మీద మాట వచ్చి, ఆ రోజుల్లో ఆవిడ చెవికమ్మలు అమ్మి ఇల్లు గడిపిందని తెలిసింది. మా పేరు చెప్పగానే ఆవిడ నవ్వి, “మీరు నాకు తెలుసు. అంతకు ముందు ఏడాది మీకే ఫిత్రా ఇచ్చాను,” అంది. రశీదు పుస్తకాలు తిరగేస్తే ఆవిడ పేరు ఉంది. మా దాతల జాబితాలో ఉన్న మనిషి పస్తులున్నా మాకు తెలియలేదు. మాతో చెప్పాల్సింది కదమ్మా అంటే, “ఎవరైనా అడిగితే చెప్పేదాన్నేమో. ఎవరూ అడగలేదు,” అందట.

అల్ బఖరా సూరా 273వ ఆయతులో అల్లాహ్ ఇలాంటివారి గురించే చెప్పాడు. వారు ఎవరినీ పట్టుబట్టి అడగరు, వారి అభిమానం చూసి తెలియనివారు వారిని ఉన్నవాళ్లే అనుకుంటారు, ముఖం చూసి గుర్తుపట్టాలి అని. ముఖం చూసి గుర్తుపట్టాలంటే ముందు ముఖం చూడాలి కదా! దరఖాస్తు ఫారంలో ముఖం కనిపించదు. ఫొటో అంటించినా కనిపించదు. ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడితేనే కనిపిస్తుంది.

ఇదంతా విని, పలకరింపు అంటే సాయం చేయడానికి ఒక ఉపాయం అని మీరు అనుకోవద్దు. అలా అనుకుంటే ఆ పనిలోని బర్కతు పోతుంది. ఎదుటి మనిషి పసిగడతాడు కూడా, వీళ్లు నా కష్టం తవ్వడానికి వచ్చారని. మేము పలకరించడం మొదలుపెట్టాక ఎక్కువసార్లు ఏ కష్టమూ బయటపడలేదు. బయటపడింది సంతోషమే. ఎక్కువసార్లు తీసుకున్నదీ మేమే.

మొన్న బస్సులో ఒక దూదేకుల పెద్దాయన కలిశాడు. ఒకప్పుడు భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడట. “ఎందాకా?” అని ఆయనే మొదలుపెట్టాడు. నారి మీద కొడితే వచ్చే మోతను బట్టి దూదిలో తేమ ఉందో లేదో చెప్పేయొచ్చట. పెళ్లి పరుపు కుట్టేటప్పుడు ఆ ఇంటి పిల్ల పదిసార్లు వచ్చి తొంగిచూసి పోయేదట. ఇప్పుడు మిషన్లు వచ్చాయి, ఫోము పరుపులు వచ్చాయి, విల్లు అటకెక్కింది. దిగేటప్పుడు ఒక మాట అన్నాడు. “మా అమ్మకు ఉర్దూ రాదు, అరబ్బీ రాదు. దువా అంతా తెలుగులోనే చేసేది. అల్లాహ్ అన్నీ విన్నాడు.” ఆ మాట మాతో ఇంటిదాకా వచ్చింది. టికెట్టు డబ్బులకు బస్సు మమ్మల్ని ఊరు చేర్చింది, ఆ పెద్దాయన ఉచితంగా ఇంకెక్కడికో చేర్చాడు.

ఇది మా ఒక్కరి అనుభవమే కాదు. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే ఇద్దరు పరిశోధకులు రైళ్లలో, బస్సుల్లో రోజూ తిరిగేవాళ్ల మీద ప్రయోగాలు చేసి 2014లో ప్రకటించారు. కొందరిని పక్కవాళ్లతో మాట్లాడమన్నారు, కొందరిని మౌనంగా ఉండమన్నారు. అసలు ఏది బాగుంటుందని ముందుగా అడిగితే, మౌనమే హాయి అని జనం ఊహించారు. తీరా చూస్తే మాట్లాడినవాళ్లకే ప్రయాణం ఎక్కువ హాయిగా గడిచింది. ఊహ ఎందుకు తప్పిందంటే, ఎదుటివాడికి మనతో మాట్లాడటం ఇష్టం ఉండదని ప్రతివాడూ అనుకుంటాడు. ఎదుటివాడూ మన గురించి అదే అనుకుంటాడు. ఇద్దరూ నోరు మూసుకుని ఫోన్లు చూసుకుంటారు.

షికాగో దాకా ఎందుకు, మన నెల్లూరు ఉంది. మొహర్రంలో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు లక్షలాదిగా జనం వస్తారు. ఆ ఆచారం గురించి మనలో వేరువేరు అభిప్రాయాలున్నాయి, ఆ చర్చ ఉలమాలకు వదిలేద్దాం. మేము చెప్పేది అక్కడ నీళ్లలో నిలబడిన మనుషుల గురించి. ‘ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గరుంది?’ ‘చదువు రొట్టె కావాలా?’ ‘పెళ్లి రొట్టె ఇదిగో!’ అని ఒకరినొకరు కేకేసి పిలుచుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్లకు ఇస్తారు. ఏ ఊరు, ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగరు. నీకేం కావాలి అనే అడుగుతారు. మామూలు రోజుల్లో దగ్గరి చుట్టానికి కూడా చెప్పుకోని బాధను అక్కడ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పేరు కూడా తెలియని మనిషికి చెప్పేస్తారు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. ఈ రోజుల్లో ఇది అంత తేలిక కాదు. రైలులో కబుర్లు బాగానే సాగుతుంటాయి. ఇంతలో ‘మీ పేరు?’ అంటారు. పేరు చెప్పగానే ఒక్కోసారి అవతలివాళ్ల మాట తగ్గిపోతుంది, చూపు కిటికీ వైపు తిరుగుతుంది. మనలో చాలామందికి ఇది అనుభవమే. మనసు చివుక్కుమంటుంది. ఇక ఎవరితోనూ మాట్లాడకూడదనిపిస్తుంది.

మాలో కొందరికి ఒకసారి ఇలాగే జరిగింది. పేర్లు చెప్పాక ఎదుటి సీట్లలో ఉన్న కుటుంబం మౌనమైపోయింది. మేమూ మౌనమైపోయాం. గంటన్నర గడిచింది. వాళ్లు టిఫిన్ డబ్బా తెరిచారు. తెలియనివాళ్లు ఇచ్చింది తినవద్దని రైల్వేవాళ్లు చెబుతూనే ఉంటారు. అదీ అవసరమైన జాగ్రత్తే. అయినా ఆ ఇంటి పెద్దావిడ మా వైపు చూసి, ఏదో సందేహంగా, “బాబూ, మా ఇంట్లో చేసిన పులిహోర మీరు తింటారా?” అని అడిగింది. అప్పుడు అర్థమైంది మాకు. ఆవిడ మౌనం కోపం కాదు, మొహమాటం. మేము తింటామో తినమో, అడిగితే ఏమనుకుంటామోనన్న సంకోచం. మేమేమో దాన్ని ఇంకోలా చదివాం. పులిహోర తిన్నాం, మా దగ్గరున్న ఖర్జూరాలు ఇచ్చాం. దిగేలోగా ఆవిడ మా అందరికీ పెద్దమ్మ అయింది.

అన్ని మౌనాలూ ఇలా కరుగుతాయని చెప్పడం లేదు. కరగనివీ ఉంటాయి. కానీ ముందడుగు మనమే వేయాలి. మన గల్లీ, మన మస్జిదు, మన హోటలు అని మనం కూడా ముడుచుకుపోయాం. ఇది ఒప్పుకోవాలి. మనుషులను జాతులుగా తెగలుగా చేసింది ఒకరినొకరు తెలుసుకోవడానికే అని అల్ హుజురాత్ సూరాలో అల్లాహ్ చెప్పాడు. మాట్లాడకుండా తెలుసుకునేదెలా?

మన తెలుగు ఇందుకు ఎంత అనువైన భాషో చూడండి. కొత్తవాణ్ణి ‘మీది ఏ ఊరు’ అని అడగం, ‘మనదే ఊరండీ’ అంటాం. ఊరి పేరు తెలియకముందే అది మనది అయిపోయింది! వయసును బట్టి బాబాయ్, పిన్నీ, పెద్దమ్మా, అన్నా, అక్కా అని పిలవగానే చుట్టరికం కూడా వచ్చేసింది.

ఈ పలకరింపుకూ కొన్ని అదబులు ఉన్నాయి. మా తప్పుల నుంచి నేర్చుకున్నవే చెబుతున్నాం. నిలబడి అడగొద్దు, పక్కన కూర్చుని అడగాలి. జీతం ఎంత, కులం ఏమిటి, రోగం ఏమిటి అని మొదటే అడగొద్దు. మన సంగతి ఒకటి ముందు చెప్పి, తర్వాత వాళ్ల సంగతి వినాలి. స్త్రీలతో మా సోదరీమణులే మాట్లాడతారు. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లను వదిలేయాలి, మౌనం కూడా వాళ్ల హక్కే. విన్నది నలుగురిలో చెప్పకూడదు. మేకల బాబాయ్ కథ కూడా ఆయన్ని అడిగి, పేరు చెప్పకుండానే చెబుతున్నాం. టీచరమ్మ కూడా అనుమతించారు. అన్నిటికంటే ముఖ్యం, ఇచ్చేటప్పుడు ఫొటో తీయడం మానేశాం. మనసు నొప్పించే దానం కన్నా మంచి మాట మేలని ఖురాన్ మనకు నేర్పింది. గత సంచికల్లో ఫొటోలు చూసిన మీకు ఈ సంచికలో అవి తక్కువ కనిపిస్తే కారణం ఇదే. మీరు తప్పు పట్టరని నమ్ముతున్నాం.

ఆఖరుగా ఒక విన్నపం. ఏటా ఈ చోట నిలబడి మిమ్మల్ని డబ్బు అడుగుతాం. అది ఈసారీ అడుగుతాం, అన్నం వండాలి కదా. దాంతో పాటు ఒక్క గంట అడుగుతున్నాం. నెలలో ఏదో ఒక రోజు మధ్యాహ్నం ఆసుపత్రి దగ్గరికి రండి. వడ్డించడానికి కుర్రాళ్లున్నారు. మీరు గంటె పట్టుకోనక్కరలేదు. మీరూ ఒక ప్లేటు తీసుకుని వేపచెట్టు కింద ఎవరో ఒకరి పక్కన కూర్చోండి. సాంబారు బాగుందో లేదో అక్కడే తెలుస్తుంది, మాకూ చెప్పండి. ‘మనదే ఊరండీ?’ అని అడగండి. తర్వాత ఏం జరుగుతుందో మేము చెప్పలేం. ఏమీ జరగకపోవచ్చు. ఎవరి మందో అమ్ముడుపోకుండా ఆగవచ్చు. మీరే ఏదో బరువు దించుకుని ఇంటికి వెళ్లవచ్చు.

ఇప్పటికి ఒక చిన్న పని చేద్దాం. ఈ హాల్లో మీ పక్క కుర్చీలో మీకు తెలియనివారు ఎవరైనా ఉంటే, భోజనాలకు లేచే ముందు వారికి సలాం చెప్పండి, నమస్కారం చెప్పండి, ఊరు అడగండి. బిర్యానీ పది నిమిషాలు ఆలస్యమైనా ఫరవాలేదు.

అల్లాహ్ మీ దానాలను స్వీకరించుగాక. మన మధ్య ఎవరూ పరాయిగా మిగలకుండా చూసే మనసు మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.

వస్సలాం.